పెట్టె విప్పే రోజు

"మీ దేశంలో ఏడాది పొడుగునా ఎండే కదా, వాతావరణం చూసి పనిలో దిగడం నీకెలా అలవాటవుతుంది?" మేస్త్రీ ఈ మాట అన్నది టంగుటూరు నుంచి వచ్చిన కుర్రాణ్ణి. చోటు అమెరికాలోని న్యూజెర్సీ, మే నెల మొదటి వారం, పొద్దున్నే 48 డిగ్రీల ఫారెన్‌హీట్. మన లెక్కలో 9 సెల్సియస్. స్విమ్మింగ్ పూల్‌కి కొత్త వినైల్ లైనర్, అంటే లోపల గోడలకూ అడుగుకూ పరిచే షీటు, వెయ్యాలి. తొందరగా పెట్టె విప్పి పరిచేస్తే మధ్యాహ్నానికి నీళ్ళు వదలొచ్చని కుర్రాడి ఆత్రం. మేస్త్రీ పెట్టె మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

పని విషయంలో మేస్త్రీ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మనవాళ్ళ గురించి అన్నది మాత్రం నిజం కాదు. రెండింటినీ కలిపి ఒకే మాటలో అనేశాడు కాబట్టి విడదీసి చెప్పాల్సి వస్తోంది.

ముందు పని సంగతి. వినైల్ అంటే పీవీసీ. అసలు పీవీసీ గట్టి సరుకు, మన ఇళ్ళల్లో నీళ్ళ పైపులు అవే. అందులో ప్లాస్టిసైజర్లు కలిపితే మెత్తటి షీటు అవుతుంది. ఆ మెత్తదనం ఎప్పుడూ ఒక్క తీరుగా ఉండదు. చలికి బిర్రబిగుస్తుంది, ఎండకు సాగుతుంది. లైనర్ మందం 20 మిల్ నుంచి 30 మిల్ దాకా ఉంటుంది. 20 మిల్ అంటే అర మిల్లీమీటరు. 16 అడుగుల వెడల్పు, 32 అడుగుల పొడవున్న పూల్‌కి 28 మిల్ లైనర్ అయితే 70, 80 కిలోల బరువు తూగుతుంది. దాన్ని పూల్ కొలతకంటే కొంచెం చిన్నదిగా తయారు చేస్తారు, సాగి గోడకు అతుక్కోవాలి గనక. వాతావరణంతో వచ్చే తిప్పలన్నీ ఈ 'కొంచెం చిన్నది' దగ్గరే మొదలవుతాయి.

పనికి అనువైన వేడి 60 నుంచి 80 ఫారెన్‌హీట్, అంటే 15 నుంచి 27 సెల్సియస్. 50కి దిగితే షీటు సాగదు. లైనర్ పై అంచుకు బీడ్ అని ఒక లావుపాటి పట్టీ అతికించి ఉంటుంది. గోడ పైన చుట్టూరా ఉన్న ట్రాక్ గాడిలో దాన్ని నొక్కి కూర్చోబెట్టాలి. చలిలో మూడు మూలలకు అందుతుంది, నాలుగో మూలకు నాలుగు వేళ్ళ మేర తక్కువొస్తుంది. లాగితే బీడ్ అతికిన చోటే చీలుతుంది. చీలకపోయినా, పెట్టెలో పడ్డ మడత గీతలు నీళ్ళ కింద అలాగే నిలిచిపోతాయి. ఒకటి రెండు చోట్ల మాత్రమే బీడ్ మొండికేస్తే కెటిల్‌తో వేణ్ణీళ్ళు పోసి మెత్తబరిచి ఎక్కించొచ్చు. చుట్టూరా వంద అడుగులకు దగ్గరగా ఉండే అంచుకు ఆ కిటుకు చాలదు. అందుకే చలి రోజుల్లో ముందురోజు రాత్రే పెట్టెను ఇంట్లో హీటర్ నడిచే గదిలో పెట్టించాలి. వ్యాన్‌లో వదిలేసిన పెట్టె తెల్లారేసరికి లోపలి మడత దాకా చల్లబడి ఉంటుంది. పైపైన ఎండ తగిలినా ఆ లోపలి మడత మెత్తబడటానికి గంటలు పడుతుంది.

ఎండ ఎక్కువైతే నష్టం ఇంకోలా వస్తుంది, అది ఆ రోజు కనబడదు. 90 ఫారెన్‌హీట్ దాటాక షీటు అడిగినంతా సాగుతుంది, చేతికి ఎంతో సులువుగా ఉంటుంది. లోతు వైపు మూలల్లో పల్చబడుతుంది, అచ్చు వేసిన టైల్ డిజైన్ వంకర పోతుంది. దాని మీదకు గొట్టంలోంచి 55 ఫారెన్‌హీట్ చల్లటి నీళ్ళు వచ్చి పడతాయి. సాగిన షీటు ఒక్కసారిగా ముడుచుకోబోతుంది. మూలల్లో గోడను వదిలి తప్పెట చర్మంలా బిగుస్తుంది, వెనక ఖాళీ మిగులుతుంది. ఎవరైనా అక్కడ కాలు మోపి బరువేస్తే చిరిగేది ఆ ఖాళీ దగ్గరే. బీడ్ కూడా గాడిలోంచి ఊడి వచ్చేస్తుంది. ఎండాకాలం వేసిన లైనర్ల మీద ఈ ఫిర్యాదు వస్తుంటుంది.

కొత్తవాళ్ళు ఎండ బాగా కాసే రోజు కోసం చూస్తారు. చెయ్యి తిరిగిన మేస్త్రీలు పల్చటి మబ్బు పట్టిన, 70 ఫారెన్‌హీట్ రోజును కోరుకుంటారు. ఇంటి నీడో ఓక్ చెట్టు నీడో పూల్‌లో సగం మీద పడితే, ఎండ వైపు షీటు మెత్తగా, నీడ వైపు బిర్రుగా ఉంటుంది. ఇద్దరూ సమానంగా లాగుతున్నామనుకుంటారు, లైనర్ మాత్రం మెత్తటి వైపుకే జరుగుతుంది. అతుకు గీత మూల నుంచి అరడుగు పక్కకు పోయాక గానీ తెలియదు. మబ్బు పడితే నాలుగు వైపులా ఒకే వేడి ఉంటుంది.

ఇక మేస్త్రీ మాటలో తప్పు. ఆ కుర్రాడి ఇంట్లోవాళ్ళు పొగాకు రైతులు. బ్యారన్‌లో, అంటే ఆకును వేడికి ఆరబెట్టే కొట్టంలో, కాల్చిన ఆకును వెంటనే దించరని టంగుటూరు, కొండపి వైపు పిల్లలకు కూడా తెలుసు. తలుపులు తీసిపెట్టి, రాత్రి మంచు గాలికి ఆకు మెత్తబడ్డాక దించుతారు. తొందరపడి ముట్టుకుంటే చేతిలో పొడైపోతుంది, ఏడాది కష్టం గ్రేడు పడిపోతుంది. సరుకు మెత్తబడేదాకా చెయ్యి వెయ్యకూడదు అన్న సంగతి మేస్త్రీ కొత్తగా నేర్పాల్సింది కాదు. ఆకు సంగతే షీటుకూ వర్తిస్తుందని ఒక్క ముక్క చెప్పి ఉంటే కుర్రాడు పెట్టె దగ్గరకు పోయేవాడే కాదు.

రొయ్యల గుంటల సంగతి చూడండి. మబ్బు పట్టిందంటే నీళ్ళల్లో ప్రాణవాయువు తగ్గుతుందని మేత తగ్గించి, నీళ్ళల్లో గాలి కలిపే ఏరియేటర్లు ఆపకుండా తిప్పుతారు. రాత్రి నిద్ర మానుకుని గట్టు మీద కూర్చునే రైతుకు వాతావరణం చూడటం తెలియదా? నెల్లూరు కోస్తాలో గుంటలకు నల్లటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు పరిచేవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. వంద మీటర్ల షీటు, పొద్దుటికీ మిట్టమధ్యాహ్నానికీ 40 డిగ్రీల సెల్సియస్ తేడా వస్తే, అర మీటరు అటూఇటూగా సాగి మళ్ళీ ముడుచుకుంటుంది. మధ్యాహ్నం బిగించి పరిస్తే రాత్రికి అంచులు పీక్కుంటాయి. అందుకని వదులు ఉంచి పరుస్తారు. అతుకులు తెల్లవారుజామున వేస్తారు, షీటు చల్లగా ఉన్నప్పుడు అంచుల్ని గట్టు మీద కాలవలో పూడ్చేస్తారు. సముద్రపు గాలి లేచేలోపే ఇసుక మూటలు పెట్టేస్తారు. రోహిణి కార్తెలో ఏ పని ఏ పూట చెయ్యాలో, కార్తీకంలో వాయుగుండం వార్త వస్తే ఏది ఆపాలో మన వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మరి మనోళ్ళు ఎందుకు తొందరపడతారు? ఈ ప్రశ్న వదిలిపెట్టడం లేదు. నాకు తోచింది ఇది. గుంటలో షీటు వేసే కూలీకి గాలి తెలుస్తుంది, మబ్బు కనబడుతుంది. 'ఇవాళ వద్దు' అనే మాట మాత్రం అతనిది కాదు. హేచరీ నుంచి రొయ్య పిల్ల ఫలానా రోజు దిగుతుందని రైతుకు కంగారు. కాంట్రాక్టరు అప్పటికే ఇంకో ఊళ్ళో పని ఒప్పుకుని ఉంటాడు. పని ఆగితే ఆ రోజు కూలి లేదు. అలాంటి చోట పెరిగిన చెయ్యి ఖాళీగా నిలబడలేదు. ఇక్కడ అమెరికాలో ఒప్పందం కాగితంలోనే రాసి ఉంటుంది, వాతావరణాన్ని బట్టి తేదీ మారుతుందని. ఇంటాయన చదివి సంతకం పెడతాడు. గాలి వచ్చిందని ఫోన్ చేస్తే, సరే ఎల్లుండి రండి అంటాడు. ఆ పూట మనుషుల్ని ఇంకో ఇంటికి, ఫిల్టర్‌లో ఇసుక మార్చడానికో పంపు బిగించడానికో పంపుతారు. ఆ పని దొరకని పూట ఇక్కడా గంటల డబ్బు పోతుంది, అది దాచాల్సిన పని లేదు. అయినా ఆపమని చెప్పే హక్కు పని తెలిసినవాడి చేతిలో ఉండటం గొప్ప సంగతి. నెల్లూరు వైపు అల్లూరులో షీటు వేసే మేస్త్రీకి ఆ హక్కు ఇచ్చి చూడండి, ఎవరికీ తీసిపోడు.

గాలి గురించి కూడా చెప్పాలి. గంటకు 15 మైళ్ళు దాటితే పెట్టె విప్పకపోవడమే మేలు. విప్పిన షీటు కిందకు గాలి దూరితే నలుగురు పట్టుకున్నా లేచిపోతుంది, వదిలేస్తే పూల్ గట్టు చుట్టూ పరిచే కోపింగ్ రాయి అంచుకు రాసుకుని బొక్క పడుతుంది. సాధారణంగా పొద్దున గాలి తక్కువ, వేడీ తక్కువే. కాబట్టి మే, సెప్టెంబరు నెలల్లో తొమ్మిదిన్నర, పది గంటల మధ్య మొదలుపెట్టడం అన్నివిధాలా కుదురుతుంది. పచ్చిక మీద పరిచి ఎండబెట్టడం మాత్రం వద్దు. వేడెక్కిన వినైల్ కింద గడ్డి నిమిషాల్లో మాడిపోతుంది. పూల్ లోపలే వదులుగా విప్పి అరగంట ఉంచితే సరిపోతుంది. లోపల తిరిగేవాళ్ళు బూట్లు విప్పి మేజోళ్ళతోనే దిగాలి.

మే నెలలో ఇంకో చిక్కు ఓక్ చెట్ల పూత. అక్టోబరు ఆఖర్లో రాలే ఆకులు. ఏ చిన్న పుల్ల కింద ఇరుక్కున్నా నీళ్ళ బరువుకు పైకి బుడిపెలా తేలుతుంది, లైనర్ ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉంటుంది. ఊడ్చిన చోట మళ్ళీ ఊడవాలి.

వాన విషయానికి వస్తే, అందరూ పైనుంచి పడే వానకు భయపడతారు. లైనర్ గోడకు అతుక్కున్నాక నాలుగు చినుకులు పడ్డా పర్వాలేదు, దాని వెనక్కి నీళ్ళు పోనంతవరకు. అంతకుముందు రాత్రి కురిస్తే మాత్రం పని చెడుతుంది. పాత లైనర్ తీసేశాక అడుగున ఇసుకో, వర్మిక్యులైట్ సిమెంటు పూతో ఉంటుంది. ఇసుక అయితే ఏటవాలు మీద చాళ్ళు కట్టి లోతు వైపుకు జారుతుంది. కొత్తగా మెత్తిన పూత ఆరకముందే తడిస్తే గుల్లవుతుంది. గోడ తడిగా ఉంటే లైనర్ వెనక అతికించే ఫోమ్‌కి కొట్టిన జిగురు పట్టదు, అతుకుల మీద వేసిన టేపు ఊడుతుంది. ఉరుములు ఉంటాయంటే అసలే వద్దు. కరెంటు పోతే లైనర్ వెనక గాలిని లాగే వ్యాక్యూమ్ ఆగుతుంది, గోడకు పీల్చుకున్న లైనర్ వదులై ముడతలు పడుతుంది.

అసలు ప్రమాదం కింద ఉండే నీళ్ళు. మంచు కరిగాక, వసంతం వానల్లో భూమిలో నీళ్ళు పైకి ఉంటాయి. పూల్ ఖాళీ చేస్తే లోపలి నుంచి గోడను ఆపే బరువు పోతుంది. తడిసిన మట్టి బయటి నుంచి తోస్తుంది, 42 అంగుళాల స్టీలు పలకలు లోపలికి ఒరుగుతాయి. ఖాళీ పూల్ అడుగున లోతు వైపు తడి మరక కనబడితే, తుడిచి గంట ఆగి చూడాలి. మళ్ళీ ఊరితే అక్కడ గుంట తీసి సంప్ పంపు పెట్టి, ఊట ఆగాకే లైనర్ పరవాలి. లేకపోతే నింపిన తర్వాత కూడా లైనర్ అడుగు నుంచి తేలుతుంది. వేసవి చివర, సెప్టెంబరులో, ఆ ఊట బాగా కిందకు ఉంటుంది. తుఫాను వస్తే ఆ లెక్క తప్పుతుంది. 2021 సెప్టెంబరు 1న ఐడా తుఫాను మిగిల్చిన వాన న్యూజెర్సీని ముంచింది. కాబట్టి పాత లైనర్ కోసే ముందు కనీసం నాలుగు రోజుల సూచన చూడాలి. రెండు రోజులు పనికి, మిగతావి నీళ్ళు నిండటానికి.

నీళ్ళు నిండటమూ వాతావరణం లెక్కలోదే. 16 బై 32 పూల్‌కి సుమారు 20 వేల గ్యాలన్లు, ఇంటి గొట్టంతో ఒకటిన్నర రోజు పడుతుంది. లోతు వైపు నిండి, లోతు తక్కువ వైపు నేల మీద ఆరు అంగుళాలు వచ్చేదాకా వ్యాక్యూమ్ ఆపకూడదు. ముడతలు తియ్యాల్సింది రెండు మూడు అంగుళాల నీళ్ళున్నప్పుడే, పాదంతోనో రబ్బరు ప్లంజర్‌తోనో మధ్య నుంచి అంచుకు నెట్టుకుంటూ పోవాలి. నీళ్ళ లోతు ఒక అడుగు దాటాక ఆ ముడత ఇక కదలదు. చల్లటి రోజున చల్లటి నీళ్ళు తోడైతే అంతకంటే ముందే బిగుసుకుంటుంది. ఫిల్టర్‌కి నీళ్ళు లాగే స్కిమ్మర్, తిరిగి వదిలే రిటర్న్, వీటి రంధ్రాలు నీళ్ళు వాటి దగ్గరకు వచ్చాకే కొయ్యాలి. ముందే కోస్తే బరువుకు షీటు జారి రంధ్రం పక్కకు పోతుంది.

ఇక్కడ ఇళ్ళు కొనుక్కున్న మన నెల్లూరు, ఒంగోలు వాళ్ళకు ఒక మాట. గృహప్రవేశం శనివారం, శుక్రవారానికి పూల్ నిండాలి అని అడుగుతారు. పాప ఓణీల ఫంక్షన్ తేదీ ఖరారైపోయింది అంటారు. ముహూర్తం మార్చమని ఎవరూ అనరు. దానికి కనీసం పది రోజుల ముందు పని తేదీ పెట్టుకోండి, రెండు వాయిదాలు పడినా నిలబడుతుంది. వీలైతే సెప్టెంబరు రెండో వారం నుంచి నెలాఖరు లోపు ఎంచుకోండి. ఈదే రోజులు అయిపోయాక కొత్త లైనర్ ఎందుకన్నయ్యా అని అడుగుతుంటారు. చలికాలమంతా కవర్ కింద భద్రంగా ఉంటుంది, వచ్చే వేసవికి మే నెల చలితో, ఊటతో పని లేకుండా నేరుగా కవర్ తీసి దిగొచ్చు. కొలతలు మాత్రం ఆగస్టులోనే ఇచ్చెయ్యండి. లైనర్ తయారై రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది.