డాన్సులు లేని బహుమతుల రోజు

2024-25 విద్యా సంవత్సరంలో తెలంగాణ బడులకు చివరి పనిదినం 2025 ఏప్రిల్ 23. పిల్లలు ఎస్.ఏ.-2 అని పిలుచుకునే వార్షిక పరీక్షలు 9న మొదలై 17న ముగిశాయి. మరునాడే గుడ్ ఫ్రైడే, 20న ఈస్టరు, 23న ప్రోగ్రెస్ కార్డులు. ఇందులో పేపర్లు దిద్దడానికి ఎంత వ్యవధి మిగిలిందో చదువరులే లెక్క వేసుకోవచ్చు. హైదరాబాద్‌లోని ఒక కాథలిక్ బాలికల పాఠశాలలో తెలుగు చెప్పే నేను, ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర వారాన్ని ఎర్ర సిరాతోనే గడిపాను.

మా బడిలో చివరి రోజున ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు బహుమతులు ఇస్తారు. పదో తరగతి పిల్లలు అప్పటికే పబ్లిక్ పరీక్షలు రాసి వెళ్లిపోయి ఉంటారు కాబట్టి వాళ్ల వీడ్కోలు సభ ఫిబ్రవరిలోనే అయిపోతుంది. మార్చి సగం నుంచి ఒంటిపూట బడి గనుక మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా పిల్లలు గేటు దాటాలి, ఎండ ముదరకముందే సభ ముగియాలి. ఉన్న కాస్త సమయంలో ప్రార్థన, వార్షిక నివేదిక, డాన్సులు, బహుమతులు, కార్డుల పంపిణీ ఇరికించవలసి రావడం వల్ల ఏటా నష్టపోయేది బహుమతులే. పేరు పిలవడం, పిల్ల పరుగున వచ్చి అందుకోవడం, చప్పట్లు పూర్తికాకముందే మరో పేరు పిలవడం, ఇదీ వరస. ఎందుకిచ్చారో వెనక వరసలో కూర్చున్న తల్లికి తెలియదు, ఒక్కోసారి అందుకున్న పిల్లకూ తెలియదు.

ఈసారి అలా జరగలేదు. ఏప్రిల్ 21 సోమవారం ఉదయం రోమ్‌లో పోప్ ఫ్రాన్సిస్ మరణించారు. ఆ వార్త మన దేశానికి అందేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. కేంద్ర ప్రభుత్వం 22, 23 తేదీలనూ, అంత్యక్రియలు జరిగే రోజునూ సంతాప దినాలుగా ప్రకటించింది. ప్రభుత్వపరమైన వినోద కార్యక్రమాలకే ఆ నిషేధం వర్తించినా, మఠంలో ఉండే సిస్టర్లకు అది ఇంటి పెద్ద పోయిన దుఃఖం. డాన్సులు ఉండవని సాయంత్రమే కబురు వచ్చింది. పరీక్షల నడుమ వీలు చేసుకుని కోలాటం సాధన చేసిన తొమ్మిదో తరగతి పిల్లలు మర్నాడు స్టాఫ్ రూమ్ ముందు గుమిగూడారు. లంగా ఓణీలకు అద్దె దుకాణంలో అడ్వాన్సు కూడా కట్టేశారట. “కోలాటం కూడా దేవుడి ముందు ఆడేదే కదా మిస్?” అని ఒక అమ్మాయి వాదించింది. వాదనలో పస ఉంది, కానీ ఒప్పుకునే అధికారం నాకు లేదు. జూన్‌లో బడి తెరిచాక ఆడిస్తామని ప్రిన్సిపల్ సిస్టర్ మాట ఇచ్చారు. తెల్లవారితే సభ అనగా పహల్గాం దాడి వార్త కూడా వచ్చింది. అక్కడ ప్రాణాలు కోల్పోయినవారి కోసమూ ఉదయం సభలో అందరూ మౌనంగా నిలబడ్డారు.

డాన్సులు పోగా మిగిలిన సమయానికి సిస్టర్ ఒక ఉపాయం చెప్పారు. ప్రతి బహుమతికీ ముందు, అది ఎందుకిస్తున్నామో ఒక్క వాక్యంలో చదవాలి, ఆ వాక్యాలు తెలుగు టీచరు రాయాలి. బహుమతుల పట్టిక ముందు పెట్టుకుని రాత్రి పొద్దుపోయేదాకా రాశాను. అలా రాస్తున్నప్పుడు, ఏ బహుమతికి కారణం ఉందో, ఏది అలవాటుగా ఇస్తున్నామో తేటతెల్లమైంది.

మొదటి స్థానం, రెండో స్థానం వంటివాటికి వాక్యం రాయడం తేలిక. మార్కులే చెబుతాయి కాబట్టి వాటి గురించి ఇక్కడ ఎక్కువ రాయను. నీతిబోధ, సత్యోపదేశం (కాథలిక్ మతబోధ) బహుమతులు కాథలిక్ బడుల ప్రత్యేకత. మతబోధ తరగతిలో కూర్చోవాలంటే పిల్ల మైనరైతే సంరక్షకుల అనుమతి ఉండాలని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. అందువల్ల కాథలిక్ పిల్లలు సత్యోపదేశానికి చాపెల్ (బడిలోని ప్రార్థనాలయం) పక్క గదికి వెళ్తే, తక్కినవారంతా తరగతిలోనే నీతిబోధ చదువుతారు. మా బడిలో ఈ రెండో గుంపే చాలా పెద్దది. నగరంలో ఇటువంటి బడులకు ఇది కొత్త కాదు. సికింద్రాబాద్‌లో సెయింట్ ఆన్స్ 1871లోనూ, గన్‌ఫౌండ్రీలో రోజరీ కాన్వెంట్ 1904లోనూ మొదలైనప్పటి నుంచీ అన్ని మతాల ఇళ్ల ఆడపిల్లలూ వీటిలో చదువుతూనే ఉన్నారు.

నాకు అన్నిటికన్నా ఇష్టంగా వచ్చిన వాక్యం పద్యపఠనం బహుమతిది. ఏడో తరగతిలో ఆ బహుమతి గెలిచిన అమ్మాయి ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. రాష్ట్రంలోని బడులన్నిటిలో తెలుగును తప్పనిసరి చేస్తూ 2018లో వచ్చిన చట్టాన్ని మొదట ఒకటో తరగతికీ ఆరో తరగతికీ వర్తింపజేశారు. ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరినవాళ్లే ఈసారి ఏడో తరగతి పూర్తి చేశారు. వాళ్లలో ఈ అమ్మాయి ఒకతె. పద్యాలు చెప్పించేటప్పుడు నేను గమనించిన విషయం ఒకటుంది. తెలుగు ఇళ్ల పిల్లలు “బారతం”, “దనం” అని చదివేచోట ఉర్దూ ఇళ్ల పిల్లల నోట భారతం, ధనం స్పష్టంగా పలుకుతాయి. ఒత్తక్షరాలు వాళ్లకు ఉగ్గుపాలతో వచ్చినవి. చిక్కంతా ళ, ణ దగ్గర. ఉర్దూలో అవి లేవు గనుక కళ్లు “కల్లు” అవుతుంది, బాణం “బానం” అవుతుంది. నాలుక కొసను వెనక్కి మడిచి అంగిట్లో మధ్యన ఆనించి వదలమని చెబితే, ఆ అమ్మాయి నీళ్లు, పళ్లెం, గోళీలు అంటూ మెట్లెక్కుతూ దిగుతూ సాధన చేసింది. పోటీలో మత్తేభ పద్యం ఎత్తుకుని, యతి దగ్గర ఊపిరి తీసుకోకుండా పాదం చివరిదాకా లాక్కెళ్లినప్పుడు న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన కలం కింద పెట్టి విన్నారు. “ఒత్తక్షరాలను పొల్లుపోకుండా పలికి, తనకు కొత్తవైన అక్షరాలను కష్టపడి సాధించినందుకు” అని రాశాను. ప్రోగ్రెస్ కార్డు తీసుకోవడానికి వచ్చిన వాళ్ల అమ్మ ఆ వాక్యాన్ని తనకు ఉర్దూలో చెప్పమని కూతుర్నే అడిగింది. పిల్ల సిగ్గుపడుతూ మొదటి సగం మాత్రమే చెప్పింది.

పట్టికలో లేని బహుమతి ఒకటి ఆ రాత్రి నేను చేర్చాను. మా బడిలో మైకు సెట్టు చూసుకునేది ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి. ఆడపిల్లల బడిలో ఉండే ఒక సౌకర్యాన్ని బయటివారు అంతగా పట్టించుకోరు. ఇక్కడ బెంచీలు మోయడం, నిచ్చెన ఎక్కి తోరణం కట్టడం, ఆటస్థలంలో సున్నంతో గీతలు వేయడం, గంట కొట్టడం, వాగ్వాదాలు తీర్చడం, అన్నీ ఆడపిల్లలే చేయాలి, ఎందుకంటే “ఏరా, కాస్త ఇది పట్టు” అని పిలవడానికి వేరే ఎవరూ లేరు. మగపిల్లలతో కలిసి చదవడం మంచిదా కాదా అన్న పెద్ద చర్చలోకి నేను వెళ్లను. అయితే మా బడి దాటి అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి చదివే కాలేజీకి వెళ్లిన పిల్లలు కొందరు, అక్కడ ఈ పనులు అడగకుండానే అబ్బాయిల చేతికి పోతాయనీ తమకు పూలు అమర్చే పని మిగులుతుందనీ వచ్చి చెప్పడం విన్నాను. మా మైకు అమ్మాయి వైరును మోచేతికీ అరచేతికీ మధ్య చుట్టలుగా చుట్టి, చివర దారంతో ముడి వేసి తగిలిస్తుంది. లూజుగా ఉన్న పిన్ను ఏదో చెవితోనే కనిపెడుతుంది. 23న తన బహుమతి ప్రకటించినప్పుడు ఆంప్లిఫయరు వెనక నుంచి లేచి రావలసి వచ్చింది, వచ్చేముందు శబ్దం తగ్గించి మరీ వచ్చింది.

ఇక కలం కదలని బహుమతి నూరు శాతం హాజరుది. “ఏడాదిలో ఒక్కరోజూ మానకుండా వచ్చినందుకు” అని రాశాక దాని తర్వాత ఏం రాయాలో తోచలేదు. ఒళ్లు కాలిపోతున్న జ్వరంతో హాజరు కోసం వచ్చి, మధ్యాహ్నానికల్లా సిక్ రూమ్‌లో పడుకున్న పిల్లలు నాకు తెలుసు. వాళ్ల పక్క బెంచీల్లో మర్నాటికి మొదలైన జలుబులూ తెలుసు. నెలసరి మొదలైన కొత్తలో కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ కూడా బహుమతి పోతుందని ఇంటికి వెళ్లని పిల్లను నేనే బతిమాలి పంపించాను. ఇంకో సంగతి ఉంది. జిల్లా పోటీలకో శిక్షణ శిబిరానికో వెళ్లే క్రీడాకారిణులకు ఈ బహుమతి ఎన్నటికీ దక్కదు. బడి చదువు ఆక్సీలియంలోనూ, కాలేజీ చదువు మెహదీపట్నం సెయింట్ ఆన్స్‌లోనూ సాగిన పి.వి. సింధు 2016లో రియోలో రజతం, టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిందని మా అసెంబ్లీలో గర్వంగా చెప్పుకుంటాం. ఊళ్లు తిరిగి ఆడే అలాంటి పిల్ల మా బడిలో ఉంటే, హాజరు బహుమతి దగ్గర ఆమెను కింద కూర్చోబెట్టేవాళ్లమే.

ఈ మాట సిస్టర్‌తో అన్నాను. ఆమె జవాబు తీసిపారేయదగినది కాదు. కొన్ని ఇళ్లలో పెళ్లి వచ్చినా, చంటిబిడ్డను చూసుకోవలసి వచ్చినా, బంధువులు దిగినా మొదట బడి మానేది ఆడపిల్లే. “బహుమతి పోతుందమ్మా” అని చెప్పుకోవడానికి ఆ పిల్లకు ఒక సాకు కావాలి, ఈ బహుమతి ఆ సాకు అని ఆమె అన్నారు. నిజమే. అలాంటి పిల్లలకు సాకు ఉండవలసిందే గానీ, అది నూరు శాతమే కానక్కరలేదని, తొంభై అయిదు శాతమైనా అదే పని చేస్తుందని, జ్వరం సెలవునూ ఆటల సెలవునూ లెక్కలోంచి తీసేయవచ్చని నా వాదన. “చూద్దాం టీచర్” అన్నారు. సిస్టర్ నోట ఆ మాటకు నిరాకరణ అని అర్థం కాదు, అలాగని అంగీకారమూ కాదు. ఈసారికి మాత్రం ఆ బహుమతులు వాక్యం లేకుండానే ఇచ్చాం.

పదో తరగతి ఫలితాలు ఏప్రిల్ 30న వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద 92.78 శాతం ఉత్తీర్ణులైతే బాలికలు 94.26, బాలురు 91.32. గ్రేడ్లతో సరిపెట్టిన ఏళ్ల తర్వాత ఈసారి మెమోలో మార్కులూ కనిపించడంతో, ఆరువందలకు ఎన్ని అన్న ప్రశ్న మళ్లీ ఇళ్లలోకి వచ్చింది. ఆ మధ్యాహ్నం నుంచే కార్పొరేట్ జూనియర్ కాలేజీల ప్రచార సిబ్బంది (పి.ఆర్.ఓ.లు) పిల్లల తల్లిదండ్రుల నంబర్ల కోసం మా ఆఫీసుకు ఫోన్లు చేశారు. మా క్లర్కు ఎవరికీ ఇవ్వలేదు. పదో తరగతిలో రాణించినవారిని జూన్‌లో పిలిచి సన్మానించడం మా ఆనవాయితీ. అప్పటికి కూడా ఒక్కొక్కరికీ ఒక్కో వాక్యం రాసి ఉంచమని సిస్టర్ నాకు పట్టిక పంపారు. పది మంది పేర్లు పూర్తయ్యాయి. పదో తరగతికి హాజరు బహుమతి లేదు గనుక ఆ చిక్కు ఈ పట్టికలో లేదు.