రైఫిలా, షాట్‌గన్నా?

షూటింగ్ హాబీగా మొదలుపెట్టాలంటే ఏది మంచిదని అడిగేవాళ్లను, నేనైతే ముందు తమ స్వభావం చూసుకోమంటాను. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు, అంటే కాల్చే 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ కన్నా చిన్నది! అక్కడ పనంతా కదలకుండా నిలబడటం, ఊపిరి నిలపడం, ట్రిగ్గర్‌ని కుదుపు లేకుండా మెల్లగా నొక్కడం. గుండె దడకి కూడా గురి కదులుతుంది, ఇక టెన్షన్ పడితే చెప్పేదేముంది.

షాట్‌గన్ సంగతి వేరు. ట్రాప్ అనే షాట్‌గన్ ఆటలో మీరు కేకేయగానే క్లే (గురిగా ఎగరేసే, తగిలితే పగిలే బిళ్ల) గాల్లోకి దూసుకెళ్తుంది, కార్ట్రిడ్జ్‌లోని సన్నటి గుళ్లు చెదిరి వెళ్తాయి కాబట్టి మిల్లీమీటర్ల బాధ లేదు, కానీ క్లే ఉన్నచోటికి కాదు, అది చేరబోయే చోటికి కాల్చాలి, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు తుపాకీ ఊపు ఆపారా, గుళ్లు వెనకే పోతాయి. పగిలిందా లేదా అన్నది వెంటనే తెలిసిపోతుంది, ఆ మజా రైఫిల్‌లో లేదు (భుజానికి తగిలే తన్ను కూడా లేదనుకోండి).

ఖర్చు చూస్తే పెల్లెట్లు చవక, కార్ట్రిడ్జ్‌లు జేబు ఖాళీ చేస్తాయి. పైగా రైఫిల్‌కి పెల్లెట్ లేకుండానే గురి, ట్రిగ్గర్ బాగా సాధన చేయొచ్చు. అందుకే నా ఓటు ఎయిర్ రైఫిల్‌కే. కుదురుగా నిలబడలేని మనుషులైతే మాత్రం నేరుగా క్లే రేంజ్‌కే వెళ్లండి, చెవులకి, కళ్లకి రక్షణ పెట్టుకుని.