మా కెమెరా క్లబ్బు సీజను: జూన్ 2024 నుంచి మార్చి 2025 వరకు

విజయనగరంలో మా కెమెరా క్లబ్బు ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం ఒక పాఠశాల గదిలో సమావేశమవుతుంది. జూన్‌లో మొదలయ్యే సీజను మార్చిలో ప్రింట్ల పోటీతో ముగుస్తుంది. నెలకొక అంశం ఇస్తారు. ఒక్కొక్కరు రెండు ఫొటోలకు మించకుండా, పొడవు వైపు 1920 పిక్సెళ్లకు తగ్గించి, జేపెగ్‌గా పంపాలి. పేర్లు చూపకుండా ప్రొజెక్టర్‌పై వేసిన వాటికి ముగ్గురు నిర్ణేతలు పదేసి మార్కులకు వెల కడతారు. నాకిది రెండో సీజను. నా దగ్గర ఉన్నవి 24 మెగాపిక్సెళ్ల పాత కెమెరా, 50 ఎంఎం లెన్సు, 70–300 జూమ్ మాత్రమే.

జూన్, జూలై నెలల్లో పంపిన వాన ఫొటోలకు పెద్దగా మార్కులు రాలేదు, రావలసినవి కూడా కావు. ఆగస్టులో ఇచ్చిన ‘చేతిపని’ అంశం కోసం ప్యాసింజర్ రైలెక్కి పొందూరు వెళ్లాను. అక్కడ ఖాదీ నూలు వడికే ముందు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకున్న సన్నని పళ్ల మధ్య నుంచి పత్తి పోగులు చెత్త వదిలి, పొగలాగా తేలికై బయటికి వస్తాయి. కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దమ్మ, నేను అడగగానే, దవడ కనిపించేలా చేయి కాస్త ఇటు తిప్పి, తన పని తాను చేసుకుంటూ పోయారు. గది చీకటి, పత్తి తెల్లన. ఇలాంటి చోట కెమెరాలో వెలుగును కొలిచే మీటరు చీకటిని చూసి వెలుగు పెంచేస్తుంది కాబట్టి పత్తి వట్టి తెల్ల మచ్చగా మిగులుతుంది. అందుకని ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకు పడే వెలుగును, ఒక స్టాపు (సగానికి) తగ్గించి, లెన్సు రంధ్రం ఎఫ్ 2.8, షట్టరు 1/80 సెకను, సెన్సరు సున్నితత్వం ఐఎస్ఓ 800 దగ్గర తీశాను. పోగులు ఒక్కొక్కటిగా విడివిడిగా వచ్చాయి. ప్రొజెక్టర్‌పై దానికి 30కి 25 మార్కులు పడ్డాయి. ఈ సీజనంతటిలో నాకు ఎక్కువ సంతోషం కలిగించిన ఫొటో అదే.

అక్టోబరు 15, మంగళవారం, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. క్లబ్బు వారందరం తలా ఒక చోట నిలబడాలని ముందు ఆదివారమే అనుకున్నాం. నాకు మూడు లాంతర్ల కూడలికి, కోటకు మధ్య ఒక డాబా మీద చోటు దొరికింది. సిరిమాను, అంటే కొసన పూజారి కూర్చునే పొడవాటి చెట్టు మాను, గుడికి, కోటకు మధ్య మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి మొదటిసారి తప్పినా దిద్దుకునే అవకాశం ఉంటుంది, నాకు అదే కలిసివచ్చింది. ఇక్కడ లెక్క పొందూరుకు తలకిందులు: వెలుగున్న ఆకాశం ముందు, మాను కొసన కూర్చున్న పూజారి గారు నల్లని నీడగా పడతారు. మొదటి తిరుగుడులో అదే జరిగింది. రెండోసారికి ఒకటిన్నర స్టాపు పెంచి, ఎఫ్ 5.6, 1/500, ఐఎస్ఓ 1600 పెట్టాను. భక్తులు విసిరిన అరటిపళ్లలో ఒకటి ఆయన భుజానికి జానెడు దూరంలో గాలిలో ఆగినట్టు వచ్చింది. అయితే 300 ఎంఎం కూడా చాలక, చుట్టూ సగానికి కత్తిరించవలసి వచ్చింది. ఆ సంగతి ఎంత బరువైనదో మార్చి దాకా తెలియలేదు.

డిసెంబరులో క్లబ్బు తరఫున ఆరుగురం నౌపడ స్టేషన్‌లో దిగి తేలినీలాపురం వెళ్లాం. ఊరి చెట్ల మీదనే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు అనే పెద్ద నీటిపక్షులు గూళ్లు కట్టుకుంటాయి. ముదురాకుపచ్చ కొమ్మల ముందు తెల్లని పక్షి అంటే మళ్లీ పొందూరు పత్తి లెక్కే కనుక ముందే మూడింట రెండొంతుల స్టాపు తగ్గించుకున్నాను. రెక్కలు విప్పే క్షణానికి 1/1000 చాలింది, 1/500 చాలలేదు.

అసలు చిక్కు ఫిబ్రవరిలో, పోటీకి ముందు వేయించుకున్న మొదటి ప్రింట్లతో వచ్చింది. నియమం ప్రకారం 12×18 అంగుళాల మ్యాట్ (మెరుపులేని) కాగితం. పొందూరు ఫొటోలో పత్తి చక్కగా ఉంది కానీ, పెద్దమ్మ వేళ్లు, చేప దవడ చీకట్లో కలిసిపోయాయి. ల్యాబ్ తప్పేమో అనుకున్నాను. తరువాత అదే ఫైలును ఇంకోచోట వేయిస్తే అంతే వచ్చింది. రాత్రిపూట ల్యాప్‌టాప్ వెలుగు పూర్తిగా పెంచి దిద్దడం వల్ల, ఉన్నదానికంటే వెలుగెక్కువగా కనిపించి, నేనే నీడల్ని అణిచేశాను. ఇప్పుడు పగలు కిటికీ దగ్గర తెల్లకాగితం పక్కన పెట్టుకుని, తెరపై ఖాళీ పేజీ ఆ కాగితమంత తెలుపుగా కనిపించే వరకు వెలుగు తగ్గించి, అప్పుడే దిద్దుతున్నాను. ల్యాబ్‌లో ‘ఆటో కరెక్షన్ వద్దు’ అని కాగితం మీద రాసి ఇస్తున్నాను. పెద్ద ప్రింటుకు ముందు 4×6 ఒకటి వేయించి, పగటి వెలుగులో చూసుకుంటున్నాను. నీడల వెలుగు మాత్రమే పెంచి వేయించిన మూడో ప్రింటులో, దవడ పళ్ల చివర చిక్కుకున్న పోగు కూడా కనిపించింది.

మార్చి పోటీలో ఆ ప్రింటుకు రెండో స్థానం దక్కింది. సిరిమాను ఫొటోకు ఏమీ రాలేదు, అది న్యాయమే. ఒక నిర్ణేత దాన్ని కిటికీ వైపు ఎత్తిపట్టి, “క్షణం బాగా పట్టారండీ, కానీ ముఖంలో వివరమేదీ?” అన్నారు. నా కెమెరా ఇచ్చే 6000 పిక్సెళ్ల పొడవును సగం చేస్తే మిగిలేవి 3000. వాటిని 18 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 167 మాత్రమే పడతాయి, మామూలుగా కోరే 300లో సగానికి కాస్త పైన. ప్రొజెక్టర్‌పై 1920 పిక్సెళ్లకు తగ్గించి చూసినప్పుడు ఈ లోటు ఎవరికీ కనపడలేదు.

చివరి సమావేశంలో నేను ఒక కోరిక కోరాను: ప్రింట్ల చూపు సీజను చివర ఒక్కసారి కాకుండా మూడు నెలలకొకసారి పెట్టాలని. అందరూ ఒప్పుకున్నారు. మొదటిది ఆగస్టు సమావేశంలో. ఈసారి సిరిమానుకు డాబా వదిలి, దారికి దగ్గరగా ఒక అరుగు చూసుకోవాలి. కోట వైపు రెండు ఇళ్లవారిని అడిగాను, ఒకరు సరేనన్నారు.