సలేశ్వరం దారిలో నీళ్ల ప్యాకెట్లు

ఏడాది మొత్తంలో చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్ది రోజులు మాత్రమే సలేశ్వరం లింగమయ్య దర్శనానికి యాత్రికులను అడవిలోకి అనుమతిస్తారు. నాగర్‌కర్నూల్ జిల్లాలోని నల్లమలలో, నడి వేసవిలోనూ ధార తెగని జలపాతం పక్కన, లోయ అడుగున ఉన్న గుహలో లింగమయ్య కొలువై ఉంటాడు. పూజలు చేసేది చెంచులే. శ్రీశైల మల్లన్నను చెంచు మల్లయ్య అని పిలుచుకుని తమవాణ్ణి చేసుకున్న వాళ్లకు అక్కడి కొండ, నీళ్లు, దేవుడు వేరువేరు కావు. ఈసారి జాతరకు మా పెదనాన్న, అక్కాబావలతో కలిసి వెళ్లాను. దర్శనం తృప్తిగా జరిగింది. అయితే ఇక్కడ రాయదలచుకున్నది దర్శనం గురించి కాదు, పుణ్యం పేరు మీదే ఆ దారిలో పేరుకుపోతున్న చెత్త గురించి.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డులో డిండి, హాజీపూర్ దాటి మన్ననూరు చేరితే అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. రాష్ట్ర విభజన తరువాత నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలో తెలంగాణ వైపు మిగిలిన ఈ భాగం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. జంతువులు నిశ్చింతగా తిరగడానికని రాత్రిపూట ఈ రోడ్డు మీద వాహనాలను ఆపేస్తారు. పగలు మాత్రం కార్లు ఆపి కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు విసిరేవాళ్లకు లోటు లేదు. అది దానమేనని వాళ్ల నమ్మకం. ఆ తిండికి మరిగిన కోతి అడవిలో పండ్లు వెతుక్కోవడం మాని రోడ్డంచునే కాపురం పెట్టి, చివరకు ఏ బస్సు చక్రం కిందనో పడుతుంది. మా బావ కారు కిటికీ దించబోతే పెదనాన్న వద్దని వారించాడు. ఆయనకు కోతుల మీద ప్రేమ కన్నా వాటి గోళ్లంటే భయం ఎక్కువ. కారణం ఏదైనా ఫలితం మంచిదే.

ఫర్హాబాద్ దగ్గర ప్రధాన రహదారిని వదిలి మట్టిదారి పట్టాలి. ఒకప్పుడు నిజాం వేటకు వచ్చి విడిది చేసిన ప్రాంతమిది. గేటు దగ్గర అటవీశాఖ సిబ్బంది ప్రతి బండినీ ఆపి, సంచులు తెరిపించి, ప్లాస్టిక్ సీసాలూ కవర్లూ తీసి పక్కన పెట్టిస్తున్నారు. వరుసలో నిలబడినవాళ్లు విసుక్కున్నారు, కొందరు వాదనకూ దిగారు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాల వంటి వాటిపై నిషేధం ఉన్న మాట నిజమే కానీ, ఆ జాబితాలో నీళ్ల సీసాలూ లేవు, నీళ్ల ప్యాకెట్లూ లేవు. అందుకే ఊళ్లో చట్టం అడ్డుచెప్పని వస్తువును అడవి గేటు దగ్గర సిబ్బంది ఒంటిచేత్తో ఆపాల్సి వస్తున్నది. మేము తలా రెండు లీటర్ల స్టీలు సీసాలు పట్టుకుని వెళ్లాం గనుక మా బండి తొందరగానే కదిలింది.

వాహనాలు ఆగిపోయే చోటు నుంచి కాలినడకే. రాళ్లూ, వేర్లూ, అక్కడక్కడ ఒక్క మనిషి మాత్రమే పట్టే అంచులూ ఉన్న దారి అది. ఆకు రాల్చిన తునికి, మద్ది చెట్ల కింద నీడ నామమాత్రం. "వస్తున్నం లింగమయ్యా" అని ముందువాళ్లు అంటే వెనుకవాళ్లు అందుకుంటారు. తిరిగి వచ్చేవాళ్లు "పోయొస్తం లింగమయ్యా" అంటూ ఎదురుపడతారు. ఆ పిలుపులు వింటూ నడిస్తే అలసట తెలియని మాట వాస్తవమే. కానీ తల వంచి కాళ్ల కింద చూసుకుంటూ నడవక తప్పని దారి కావడంతో చెత్త కూడా కంటబడక మానదు.

దారి మొదట్లో భక్త బృందాలు వేసుకున్న పందిళ్లు ఉన్నాయి. ఒకచోట పులిహోర, ఒకచోట మజ్జిగ, అన్నిచోట్లా నీళ్ల ప్యాకెట్లు. గేటు దగ్గర మన సంచిలోని సీసాను ఆపిన నిబంధన, ట్రాలీల కొద్దీ దిగిన ఆ ప్యాకెట్ల బస్తాలను ఎందుకు ఆపలేకపోయిందో ఊహించడం కష్టమేమీ కాదు. అన్నదానానికి అడ్డుపడ్డాడన్న మాట పడటానికి ఏ ఉద్యోగి మాత్రం సిద్ధపడతాడు? తీసుకునేవాడు పావు లీటరు ప్యాకెట్టును రెండు చేతులా పట్టుకుని, మూలను పంటితో కొరికి, ఆ ముక్కను పక్కకు ఉమ్మి, నాలుగు గుక్కలు తాగి, మిగిలిన నీళ్లు నెత్తిన చల్లుకుని, ఖాళీ సంచిని పొదలోకి విసిరేస్తాడు. అంతా అర నిమిషంలో అయిపోతుంది. విసిరిన సంచి కనీసం కంటికి కనిపిస్తుంది. ఉమ్మిన ముక్క మాత్రం గోరంత త్రికోణం; ఎండుటాకుల మధ్య పడిందంటే ఇక దొరకదు. ఒకచోట కూర్చుని ఆకులు పక్కకు తీసి చూస్తే అరచేయంత నేలలోనే అలాంటి ముక్కలు చాలా కనిపించాయి. కొన్ని కొత్తవి, కొన్ని ఎండకు తెల్లబడి ముట్టుకుంటే పొడి అయ్యేవి. అవి నిరుటివో అంతకు ముందటివో.

అక్కడే గోనెసంచి పట్టుకుని చెత్త ఏరుతున్న చెంచు యువకుడొకడు కలిశాడు. వేసవిలో మంటలను కనిపెట్టి ఆర్పే ఫైర్ వాచర్‌గా పనిచేస్తాడట, జాతర రోజుల్లో ఈ పని కూడా మీద పడుతుందట. నేను ముక్కలు చూపిస్తే నవ్వాడు. "సంచులైతే ఏరుతం సారూ, గీ మూలలు ఎట్ల ఏరాలె?" అన్నాడు. అంతకన్నా అతన్ని ఎక్కువగా కలవరపెడుతున్నది బీడీ ముక్కలు, దారి పక్కన రాళ్ల మధ్య గుచ్చి వెలిగించి వదిలేస్తున్న అగరుబత్తులు. చైత్రమాసానికి నల్లమలలో గడ్డి నిలువునా ఎండి ఉంటుంది. గాలి తోడైతే ఒక్క నిప్పురవ్వ చాలు. "మేం తేనెకు పోతే పొగబెట్టిన కాడ ఆర్పినంక గానీ కదలం," అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం ఉందో లేదో నాకు తెలియలేదు గానీ, ఉండటానికి అతనికి హక్కు ఉంది.

లోయలోకి దిగాక వేడి ఒక్కసారిగా తగ్గిపోతుంది. రెండు వైపులా రాతిగోడలు, మధ్యలో పైనుంచి దూకే నీళ్లు, కింద గుండం. జనం స్నానాలు చేసి తడిబట్టలతోనే గుహలోకి వెళుతున్నారు. ఆచారంగా ఒక మునక వేయడంలో ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు. కానీ గుండం అంచున రాళ్ల మీద సబ్బు నురగా, చింపిన షాంపూ ప్యాకెట్లూ చూస్తే మనసు చివుక్కుమంది. ఈ రోజుల్లో అడవిలో నీళ్లు ఎంత అపురూపమో చెప్పడానికి ఒక్క విషయం చాలు: వాగులు ఎండిపోవడంతో అటవీశాఖ వాళ్లు నేలలో సాసర్ పిట్లు అనే లోతులేని నీటితొట్లు కట్టి, ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి నింపి దుప్పులకూ కణుతులనే పెద్ద జింకలకూ దాహం తీరుస్తున్నారు. సరిగ్గా అదే సమయంలో, సహజంగా నీళ్లుండే కొద్ది చోట్లలో ఒకదాన్ని వేల మందిమి ఆక్రమించి, దాన్ని నురగతో వెనక్కి ఇస్తున్నాం. జనం సందడికి పగలు ఏ జంతువూ దగ్గరికి రాదు. రాత్రి వచ్చి తాగేది మనం వదిలిన ఆ నీళ్లే. తిండి వాసన అంటిన కవర్లను దుప్పులు మింగితే అవి జీర్ణం కాక కడుపులో ఉండలు కట్టి ప్రాణం తీస్తాయి.

తిరుగు దారిలో పెదనాన్న పాత రోజుల గురించి చెప్పాడు. ఆయన చిన్నప్పుడు లింగాల వైపు నుంచి ఊరంతా గుంపుగా నడిచి వచ్చేవారట. జొన్నరొట్టెల మూట, ఆనపకాయ బుర్రలో నీళ్లు, మోదుగాకు విస్తర్లు. తిన్న చోట ఆనవాలు మిగిలేది కాదట. వినడానికి బాగానే ఉంది కానీ దాన్ని ఆదర్శంగా చూపించడంలో నాకు కొంత అనుమానం ఉంది. అప్పుడు వచ్చినవాళ్లు తక్కువ, పారేయడానికి చేతిలో ఉన్నదీ తక్కువ. వాళ్లు మనకన్నా మంచివాళ్లయినందువల్ల కాదు, మోదుగాకు మట్టిలో కలిసిపోయేది అయినందువల్ల అడవి శుభ్రంగా ఉంది. కాబట్టి భక్తుల గుణం మార్చాలని ప్రసంగాలు చేయడం కన్నా, వాళ్ల చేతికి అందుతున్న వస్తువును మార్చడం తేలిక.

ఇది సాధ్యమేనని తిరుమల చూపించింది. కొండ మీద ప్లాస్టిక్ సీసాలు ఆపి, జలప్రసాదం కేంద్రాల్లో నీళ్లు పట్టుకునే ఏర్పాటు చేశారు. అయితే అక్కడ పైపులున్నాయి, ఏడాది పొడవునా సిబ్బంది ఉన్నారు. కేదార్‌నాథ్‌లో 2022 నుంచి సీసాకు క్యూఆర్ స్టిక్కరు అంటించి పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగి ఇచ్చే పద్ధతి పెట్టారు. దాన్ని నడిపింది హైదరాబాద్ సంస్థే. అది సీసాకు నప్పుతుంది. ఉచితంగా పంచే ప్యాకెట్టుకు డిపాజిట్ ఎవరు కడతారు, ఆ గోరంత ముక్కకు స్టిక్కరు ఎక్కడ అంటిస్తారు? సలేశ్వరానికి కావలసింది పందిరి దగ్గర ట్యాంకరు, దానికి కుళాయిలు, యాత్రికుడి చేతిలో సొంత చెంబో సీసానో. అన్నం సిల్వర్ పూత పేపర్ ప్లేట్లలో కాకుండా విస్తరాకుల్లో పెట్టాలి.

జాతరలో పందిరి వేసే బృందమొకటి మా ఊళ్లోనూ ఉంది. ఇంటికొచ్చిన తరువాత వాళ్లతో కూర్చుని ఈ సంగతి మాట్లాడాను. విస్తరాకులకు వెంటనే ఒప్పుకున్నారు. ప్యాకెట్ల దగ్గరే పేచీ వచ్చింది. స్టీలు గ్లాసులు పెడితే కడగడానికి అంత నీళ్లు ఎక్కడివని ఒక పెద్దాయన అడిగాడు, న్యాయమైన ప్రశ్నే. ప్యాకెట్లయితే ఎన్ని పంచామో లెక్క చెప్పుకోవచ్చని, ట్యాంకరు నీళ్లకు లెక్క ఉండదని ఇంకొకాయన బాధ. చివరికి గ్లాసులు పెట్టకుండా, ఎవరి పాత్రలో వాళ్లే పట్టుకునేలా ట్యాంకరు మాత్రమే నిలపాలని, ఏమీ తెచ్చుకోనివాళ్లకు దోసిట పోయడానికి ఇద్దరు మనుషులను ఉంచాలని అనుకున్నారు. వచ్చే చైత్రానికి వేసే కరపత్రంలో "మీ చెంబు మీరే తెచ్చుకోండి" అన్న మాట దర్శన వేళల కన్నా పైన అచ్చు వేయమని అడిగాను. దాతల పేర్ల కన్నా పైన మాత్రం కుదరదన్నారు.