మా జిప్సీ ఎందుకింత తాగుతోంది

మా మారుతి జిప్సీ జీపు మైలేజీ పడిపోయిందని ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. "ఏం బామ్మర్దీ, జిప్సీ కొన్నోడు మైలేజీ అడుగుతాడా?" అన్నాడు మా బావ. ఆయన మాటా నిజమే. బాగున్న రోజుల్లోనే తారు రోడ్డు మీద లీటరుకి పదకొండు ఇచ్చేది. అది ఏడుకి దిగితే మాత్రం నవ్వి ఊరుకోలేం కదా. పశువుల మందులు వేసుకుని నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాటెక్కి చింతపల్లి, అక్కణ్నుంచి మట్టిదారుల్లో సంతలకి తిరగడం నా పని. మందుల మీద మిగిలింది బంకులో పోసొస్తే ఇక వ్యాపారం దేనికి?

బండి 2001 మోడలు జిప్సీ కింగ్. పదమూడు వందల సీసీ ఎంపీఎఫ్ఐ ఇంజను, అంటే కంప్యూటరు చెప్పినంత పెట్రోలు ఒక్కో సిలిండరుకీ ఒక్కో ఇంజెక్టరు చిమ్ముతుంది. పాతకాలం బండ్లలో పెట్రోల్ని గాలితో కలిపే కార్బురేటరు లేదు కాబట్టి జెట్లు, ఫ్లోటు, చోకు గొడవలు లేవు. సలహాలకి మాత్రం కొదవ లేదు. ఇంజెక్టర్లు క్లీన్ చేయించమని ఒకరు, పొగలో ఆక్సిజన్ చూసి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పే ఆక్సిజన్ సెన్సర్ మార్చమని ఇంకొకరు, ఇంజను పనైపోయింది దించేయమని మరొకరు. అందరూ ఇంజను మీదే పడ్డారు. నాకు మాత్రం ముందు ఆ "ఏడు" అనే అంకె మీదే అనుమానం.

పెట్రోలు ముల్లు చూసి మైలేజీ చెప్పేవాళ్లని నేను నమ్మను. జిప్సీ ముల్లు ఘాట్లో ఒకలా, పల్లంలో ఒకలా చూపిస్తుంది. ట్యాంకు నిండా కొట్టించి, నాజిల్ దానంతటది ఆగిన చోట ఆపించి, తిరిగొచ్చాక అదే బంకులో అదే పంపు దగ్గర మళ్లీ అలాగే నింపించాలి. రెండోసారి పట్టిన లీటర్లే లెక్క. దూరానికి మాత్రం బండి మీటరు కాదు, ఫోన్లో జీపీఎస్ చూశాను. మీటరు పది కిలోమీటర్లు తిరిగేసరికి ఫోను పదకొండు చూపించింది.

కారణం టైర్లు. నేను కొన్నప్పుడు బండికి 205/70 ఆర్15 టైర్లున్నాయి. ఇప్పుడున్నవి 235/75. లెక్క కాగితం మీద వేసేసుకోవచ్చు. 15 అంగుళాల రిమ్ము అంటే 381 మిల్లీమీటర్లు. పాత టైరు గోడ ఎత్తు 205 మిల్లీమీటర్ల వెడల్పులో 70 శాతం, రెండు వైపులా కలిపితే 287. మొత్తం 668. కొత్తదాని గోడలు రెండూ కలిపి 352, మొత్తం 733. చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి ఇదివరకటి కంటే దాదాపు పది శాతం ఎక్కువ దూరం పోతోంది, ఆ సంగతి మీటరుకి తెలీదు. అంటే నా ఏడు అసలు ఏడు కాదు, ఏడున్నర పైమాటే. పెద్ద టైర్లు వేయించుకుని మైలేజీ పోయిందని గోలపెట్టేవాళ్లలో సగంమంది ఈ లెక్క వేసి ఉండరు.

ఇటు బండి తప్పు కానిది ఇంకోటుంది. బంకుల్లో ఇప్పుడు పోసేది ఈ20, అంటే ఐదోవంతు ఇథనాల్. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో ఉన్నదాంట్లో మూడింట రెండొంతులే. ఈ20 కోసం తయారుకాని పాత కార్లకి మైలేజీ ఆరేడు శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ వేసిన అంచనాలోనే ఉంది. నా పదకొండు ఆ లెక్కన పదింపావు. దీన్ని ఏ మెకానికూ బాగుచేయలేడు. మరి పదింపావుకీ ఏడున్నరకీ మధ్య పోతున్నది ఎక్కడ పోతున్నట్టు? నేను వెతకాల్సింది అదీ.

ఇంజను జోలికి పోకముందు బండి తేలిగ్గా దొర్లుతోందా లేదా చూడాలి. మా వీధి చివర రోడ్డు సమంగా ఉంటుంది. అక్కడ న్యూట్రల్లో పెట్టి వెనక నుంచి నెట్టాను. జిప్సీ బరువు టన్నుకి అటూ ఇటూ, ఒక్క మనిషి నెడితే కదలాలి. కాస్త కదిలి ఆగిపోయింది. మర్నాడు బ్రేకు పెద్దగా తొక్కకుండా కొంత దూరం నడిపి, దిగి నాలుగు రిమ్ములకీ దగ్గరగా చెయ్యి పెట్టి చూశాను. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. ముందు కుడివైపుది చెయ్యి పెట్టనివ్వలేదు. జాకీ ఎత్తి చక్రం తిప్పితే గరగరమని అర చుట్టుకే ఆగిపోయింది. బ్రేకు ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ జారే పిన్నుల రబ్బరు తొడుగు చిరిగి, లోపల ఎర్రమట్టి గట్టిపడి ఉంది. సంత దారుల మట్టి, వాగుల నీళ్లు కలిసి చేసిన నిర్వాకం. పిన్నులు కడిగించి, బ్రేకులకి వాడే గ్రీజు రాయించి, తొడుగులు కొత్తవి వేయించాను. మామూలు గ్రీజు మాత్రం రాయనివ్వకండి, అది రబ్బర్ని ఉబ్బిస్తుంది.

టైర్లలో గాలి సంగతి అందరికీ తెలిసిందే. బురదలో దిగేముందు తగ్గించుకుంటాం, తారెక్కగానే కొట్టించుకోవాలి. ఇంజను బలం నాలుగు చక్రాలకీ పంపే ఫోర్ వీల్ కూడా అంతే. ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ జిప్సీకి మధ్యలో లేదు. తారు మీద ఫోర్ వీల్లో తిప్పితే పెట్రోలే కాదు, గేర్లు కూడా అరుగుతాయి.

బ్రేకుతో కొంత తేలింది కానీ, అసలు దొంగ దొరకలేదు. అప్పుడు సిలిండర్లలో నిప్పురవ్వ ఇచ్చే స్పార్కు ప్లగ్గులు విప్పించాను. నాలుగూ నల్లగా, పొడిగా, వేలికి మసి అంటేలా ఉన్నాయి. ఒక్కటే నల్లగా ఉంటే ఆ సిలిండర్లోనో, దాని ఇంజెక్టర్లోనో చూడాలి. జిడ్డుగా ఉంటే ఆయిలు కాలుతున్నట్టు. నాలుగూ ఒకేలా ఉన్నాయంటే నాలుగింటికీ కలిపి ఎక్కడో పెట్రోలు ఎక్కువ అందుతోందన్నమాట. ఎయిర్ ఫిల్టరు శుభ్రంగానే ఉంది. బండి కంప్యూటర్ని చదవడానికి మెకానిక్ దగ్గరున్న స్కానర్ ఈ బండికి కుదరలేదు. మిగిలింది మన కళ్లే. డాష్‌బోర్డు మీద వేడి ముల్లు చాలాకాలంగా సగానికి రావడం లేదు, ఘాటు దిగేటప్పుడైతే పూర్తిగా కిందికి పడిపోతోంది. బండి వేడెక్కడం లేదని అందరూ మెచ్చుకునేవాళ్లు కూడా.

రేడియేటరు పై హోసు ఇంజనుకి తగిలే చోట మూత విప్పితే లోపల గూడు ఖాళీ. ఇంజను వేడిని బట్టి నీళ్లని వదిలే వాల్వు, థర్మోస్టాట్, లేదు. ఎప్పుడో ఓవర్‌హీట్ అయినప్పుడు పాత మెకానిక్ తీసి పారేశాడట. అడిగితే ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు: "బాబూ, అది చలి దేశాలోళ్లకండీ. మన ఎండలకి దండగ." లంబసింగికి పోయే బండితో ఆ మాట! డిసెంబర్లో అక్కడ గడ్డి మీద మంచు పేరుకుంటుంది.

ఎండైనా చలైనా ఇంజనుకి తనదైన వేడి ఒకటి కావాలి. థర్మోస్టాట్ ఆ వేడి వచ్చే దాకా నీళ్లని రేడియేటరుకి పోనివ్వదు. అది లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచీ తిరుగుతూనే ఉంటాయి. ఇంజను చల్లగా ఉందని సెన్సర్ చెబుతుంది, కంప్యూటరు అదనంగా పెట్రోలు పోస్తుంది, ఆక్సిజన్ సెన్సర్ "ఎక్కువైంది" అని ఎంత మొత్తుకున్నా ఇంజను వేడెక్కే దాకా దాని మాట వినదు. పాత కార్బురేటరు బండ్లలో, చల్లటి ఇంజనుకి పెట్రోలు ఎక్కువ అందించే చోకు లాగి వదిలేస్తే ఏమయ్యేదో అదే, రోజంతా. అలాంటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ మార్పించి ఏం లాభం?

కొత్త థర్మోస్టాట్ వేసేముందు ఇంట్లోనే పరీక్షించాను, ఎందుకంటే కొత్తవాటిలోనూ తెరుచుకోనివి వస్తుంటాయి. తెరుచుకోకపోతే ఇంజను హెడ్డుకే ఎసరు. దానిమీద 82 అని, అంటే తెరుచుకునే వేడి 82 డిగ్రీలని, అచ్చువేసి ఉంది. వాల్వు సందులో దారం ఇరికించి గిన్నెలో నీళ్లలో వేలాడదీసి స్టవ్ వెలిగించాను. మా పశువుల థర్మామీటరు నలభైమూడు దాటదు కాబట్టి పాలకేంద్రం నుంచి ఒకటి అరువు తెచ్చాను. "ఆ గిన్నె మళ్లీ నా వంటింట్లోకి రాకూడదు" అంది మా ఆవిడ. ఎనభై దాటాక ఇత్తడి బిళ్ల వెంట్రుకవాసి కదిలింది. ఎనభైమూడు దగ్గర దారం జారి థర్మోస్టాట్ టప్‌మని గిన్నె అడుక్కి పడింది. పాసయింది. పనిలోపనిగా ఇంజను నీళ్ల వేడి చెప్పే సెన్సర్ని కూడా మల్టీమీటరు పెట్టి చూశాను. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం రెండు కిలోఓములు దాటింది, వేడి నీళ్లలో మూడు వందల ఓముల దగ్గరికి దిగింది. దాంట్లో దోషం లేదు.

పాతవాడు అది తీయడానికి కారణమైన ఓవర్‌హీట్ సంగతి కూడా చూడాలి కదా. రేడియేటరు దింపించి కడిగిస్తే ముందువైపు రెక్కల్లోంచి చెక్కిలాల్లా మట్టి ఊడింది. ఇప్పుడు ముల్లు సగం దగ్గర నిలబడుతోంది, ఎండాకాలం ఘాటెక్కినా దాటడం లేదు. ప్లగ్గులు బిస్కెట్ రంగుకి వచ్చాయి.

ఘాటు దిగేటప్పుడు న్యూట్రల్లో వదిలేస్తే పెట్రోలు మిగులుతుందని మా దారిలో చాలామంది డ్రైవర్ల నమ్మకం. ఎంపీఎఫ్ఐ బండిలో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి, చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. న్యూట్రల్లో పెడితే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి మళ్లీ పెట్రోలు పోయాలి. పైగా ఆ వంపుల్లో బరువంతా బ్రేకుల మీదే. మిగిలేదేమీ లేదు, ప్రాణానికి ప్రమాదం అదనం.

జీపీఎస్ దూరంతో లెక్కేస్తే ఇప్పుడు తొమ్మిదిన్నర వస్తోంది, ఘాటు తక్కువున్న రోజు పదికి దగ్గర. మిగతాది ఆ బరువైన టైర్లు తింటున్నాయి. తిననీ, వాగు దాటేటప్పుడు అవే దిక్కు. ట్యాంకు దగ్గర పెట్రోలు వాసన కొద్దిగా వస్తోంది, పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కి మెత్తబడ్డాయేమోనని అనుమానం. వచ్చే సంతలోపు అవి మార్పించాలి.