ఫ్రిజ్‌లో పెట్టేస్తే వ్యాక్సిన్ భద్రమేనా?

వ్యాక్సిన్ నిల్వ అనగానే అందరికీ వేడి గురించే టెన్షన్. నన్నడిగితే చలికీ అంతే భయపడాలి. చాలా వ్యాక్సిన్లను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలన్నది తెలిసిందే, కానీ హెపటైటిస్ బి, టెటనస్ లాంటి వాటిలో అల్యూమినియం లవణం ఉంటుంది కాబట్టి ఒక్కసారి గడ్డకట్టాయంటే ఆ రేణువులు ముద్దకట్టేస్తాయి, మళ్లీ కరిగినా మందు మునుపటిలా పనిచేయదు. చూడటానికి మాత్రం మామూలుగానే కనిపించొచ్చు. సీసా మీద ఉండే వీవీఎం (వ్యాక్సిన్ వయల్ మానిటర్) అనే రంగు మారే గుర్తు కూడా వేడి ఎంత తగిలిందో చెబుతుందే తప్ప గడ్డకట్టిన సంగతి చెప్పదు!

అందుకే ఇంట్లో వాడే ఫ్రిజ్‌ను క్లినిక్‌లో పెట్టడం నాకు అస్సలు నచ్చదు. తప్పనిసరైతే ఫ్రీజర్ గాలి వచ్చే చోటికి, గోడలకు దూరంగా మధ్య అరల్లో సర్దాలి. తలుపు అరల్లో వద్దు. ఖాళీ జాగాలో నీళ్ల సీసాలు పెడితే కరెంటు పోయినా చల్లదనం కాసేపు నిలుస్తుంది. లంచ్ బాక్సులు మాత్రం పెట్టకండి (ఎన్నిసార్లు చెప్పినా పెట్టేవాళ్లుంటారు).

ఉష్ణోగ్రతను రోజుకు రెండుసార్లు రాయడం మంచిదే, కానీ అర్ధరాత్రి ఏం జరిగిందో ఆ రెండు అంకెలకేం తెలుసు? ఉష్ణోగ్రతను ఆగకుండా దానంతటదే నమోదు చేసే డేటా లాగర్ ఉంటే ఆ బెంగ తీరుతుంది. తేడా వచ్చిందని తేలితే కంగారుపడి పారేయకండి, అలాగని వాడేయనూ వద్దు. 'వాడొద్దు' అని చీటీ అంటించి, సరైన చల్లదనంలోనే విడిగా ఉంచి, ఎంతసేపు ఎన్ని డిగ్రీల్లో ఉందో రాసుకుని తయారుచేసిన కంపెనీని అడగండి.