టమాటా సాస్, ఆరోసారి: మళ్ళీ నీళ్ళు ఊరాయి

మళ్ళీ ఊరింది. చెంచాడు సాస్ తెల్ల పళ్ళెంలో వేసి, ఫోన్‌లో రెండు నిమిషాలు టైమర్ పెట్టి చూస్తే ముద్ద చుట్టూ 4 మిల్లీమీటర్ల మేర ఎర్ర నీళ్ళు. స్కూలు స్కేలుతో కొలిచాను. ఆ సమయంలో అమ్మ నన్ను చూసిన చూపు సంగతి వదిలేయండి.

రుచికి వంక లేదు. వెల్లుల్లి మాడటం మూడోసారికే ఆగింది. బేసిల్ దించాక వేస్తే చాలని తేలింది. గొడవంతా ఈ నీళ్ళతోనే: పాస్తా మీద వేస్తే సాస్ పైన, నీళ్ళు అడుగున.

మొదటి నాలుగు సార్ల లెక్క దాదాపు ఒకటే. రైతు బజారులో 2 కిలోల కోలటి హైబ్రిడ్ కాయలు. తొక్కలు, ముచ్చికలు తీసి తూస్తే 1,740 గ్రాములు. మిక్సీ పట్టి వెడల్పాటి స్టీలు గిన్నెలో 50 నిమిషాలు ఉడికిస్తే మిగిలింది 810. సగానికి పైగా ఆవిరైపోయినా పళ్ళెంలో 11 మి.మీ. నీళ్ళు!

సరిగా ఇగరలేదేమో అనుకుని ఐదోసారి 80 నిమిషాలు ఉంచాను. 620 గ్రాములకు వచ్చింది, నీళ్ళు 7 మి.మీ.కి తగ్గాయి. కానీ రంగు ఇటుకలా తిరిగింది, తాజా పులుపు పోయి జామ్ వాసన వచ్చింది. తప్పు మిక్సీదేమోనని మధ్యలో అర కిలో కాయలు చేత్తో చిదిమి చూశాను. నురగ లేదు, రంగు బాగుంది, నీళ్ళు మాత్రం అవే 11.

కార్న్‌ఫ్లోర్ కలపమని ఒక సలహా వచ్చింది. నీళ్ళు పోతాయి నిజమే, దాంతోపాటు సాస్ కూడా పోయి మంచూరియా గ్రేవీ అవుతుంది. వద్దు.

ఇప్పుడు నా అనుమానం పెక్టిన్ మీద, అంటే పళ్ళలో సహజంగా ఉండే, జామ్‌ను గట్టిపరిచే పదార్థం మీద. నీళ్ళను పట్టి ఉంచేది అదే. ఉడికించని టమాటాను నలపగానే అందులోని ఎంజైములు ఆ పెక్టిన్‌ని తెగ్గొట్టడం మొదలుపెడతాయి. అందుకే గుజ్జు ఫ్యాక్టరీల్లో చిక్కదనం కావాలంటే నలుపుతూనే 90 డిగ్రీల దాకా వేడి చేస్తారు, దాన్ని హాట్ బ్రేక్ అంటారు. తక్కువ వేడి మీద చేస్తే కోల్డ్ బ్రేక్: రంగు, వాసన నిలుస్తాయి, గుజ్జు పలచన. నేను చేసింది అంతకన్నా అన్యాయం. మిక్సీ పట్టి, వెల్లుల్లి ఒలిచి, ఒక ఫోన్ మాట్లాడి, పావుగంట తర్వాత పొయ్యి మీద పెట్టేవాణ్ణి.

ఆరోసారి మిక్సీ తియ్యలేదు. కాయల్ని నాలుగేసి ముక్కలు చేసి కాగిన గిన్నెలో గుప్పెడు గుప్పెడుగా వేశాను. థర్మామీటర్ 90 చూపించాకే తర్వాతి గుప్పెడు. మెత్తబడ్డాక పప్పు గుత్తితో మెదిపి, జల్లెడ పట్టి, 45 నిమిషాలు ఇగరబెట్టాను. 790 గ్రాములు, ఎర్రటి ఎరుపు, 4 మి.మీ. అంటే దారి సరైనదే, గమ్యమే ఇంకా రాలేదు.

పోలిక కోసం ముట్టి అనే ఇటలీ బ్రాండు టమాటా డబ్బా ఒకటి తెరిచి ఉడికించాను. 1 మి.మీ.! ఖరీదు చూస్తే గుండె ఆగుతుంది కానీ సరుకు సరుకే. మన కాయల్లో గింజల చుట్టూ ఉండే జిగురు, రసం ఎక్కువ, కండ తక్కువ. ఆ జిగురు తీసి పారేద్దామంటే రుచంతా అందులోనే ఉంది.

ఇదంతా విని అమ్మ, "ఊట తియ్యకుండా పొయ్యి మీద పెడితే ఊరదా మరి?" అంది. నిల్వ పచ్చడికి తను చేసేది అదేగా. ముక్కల్లో ఉప్పు, పసుపు కలిపి జాడీలో ఊరబెట్టి, మూడో రోజు వాటిని పిండేసి, ముక్కలు వేరుగా, ఊట వేరుగా ఎండలో పెడుతుంది. ఆరు వారాలుగా ఈ మాట నాకెందుకు తట్టలేదో!

ఏడోసారికి అదే. సగానికి కోసిన కాయలకు 10 గ్రాముల ఉప్పు పట్టించి అరగంట చిల్లుల గిన్నెలో ఉంచుతాను. కారిన ఊటను విడిగా పెద్ద మంట మీద పాకంలా మరిగించి చివర్లో సాస్‌లో కలుపుతాను. ఆ అరగంటలో ఎంజైములు పని మొదలుపెడతాయేమోనని భయం ఉంది. నలపడం లేదు, కోయడమేగా అని ధైర్యం.

ఆరో బ్యాచ్‌లో సగానికి అమ్మ అప్పుడే ఇంగువ తాలింపు పెట్టేసింది, ఇడ్లీల్లోకి. మిగిలింది ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. ఆదివారం కరిగించి మళ్ళీ స్కేలు పెడతాను. గడ్డకట్టి కరిగితే ఈ 4 ఎంతవుతుందో చూడాలి.